మూఢంలో పెళ్ళివారి బస్సు

మొన్నటి మహమ్మారి రోజుల్లో ఖాళీ బస్సులను చూసి, జనం ప్రయాణాలు మానేశారని మీలో చాలామంది అనుకొని ఉంటారు. నేను అనుకోలేదు. బస్సుల ఉద్యోగంలో జుట్టు నెరిసినవాణ్ణి. ఖాళీ సీటు కనపడితే, అందులో కూర్చోవలసిన మనిషి ఇప్పుడు ఏ ఎండలో నడుస్తున్నాడో అన్న ఆలోచనే ముందు వస్తుంది. ఇదేమీ పుట్టుకతో వచ్చిన తెలివి కాదు. డెబ్భైల చివర్లో, తిరుపతిలో టౌను బస్సుల కంట్రోలరుగా ఉన్నప్పుడు, ఒక ఎండాకాలం చెవి మెలిపెట్టి నేర్పింది. అంకెలు చూసి రూట్లు గీసే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఉంటే కాస్త నిదానంగా చదవండి.

కంట్రోలరంటే పెద్ద అధికారి అనుకునేరు. బస్టాండులో రేకుల గదిలో కూర్చొని, ఏ బస్సు ఎప్పుడు బయలుదేరాలో చెప్పి, ఆలస్యమైతే ప్రయాణికుల చేతా, తొందరపెడితే డ్రైవర్ల చేతా తిట్లు తినేవాడు. మాది గుడి కైంకర్యాల కుటుంబం. "పంచాంగం చూడవలసినవాడు బస్సుల టైములు చూస్తున్నాడు" అని మా నాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. ఆయన నవ్వులో కొంచెం బాధ కూడా ఉండేదని నాకు తెలుసు.

ఆ వేసవిలో ఊళ్ళో వాంతిభేదులు మొదలయ్యాయి. కలరా అని పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. "ఆ రోగం" అనేవారు. బస్టాండులో సూదిమందు వేసేవాళ్ళు బల్ల వేసుకొని కూర్చున్నారు. హోటల్లో నీళ్ళ గ్లాసు ముట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రోగం ఒక్కటే గానీ, ఒక్కో వీధి ఒక్కో రకంగా భయపడింది. గుడి చుట్టుపక్కల వీధులవాళ్ళు బస్సెక్కడం మానేశారు. పక్కన కూర్చునేవాడు ఎక్కడివాడో తెలియదు, ఎందుకొచ్చిన పీడ అని నడిచే పోయేవారు. ఉద్యోగుల క్వార్టర్లలో మూలపడిన సైకిళ్ళన్నీ బయటికి వచ్చాయి. సెలవు దొరికినవాళ్ళు పెళ్ళాం పిల్లల్ని తీసుకొని పలమనేరు బస్సెక్కారు. చల్లని ఊరికి రోగం రాదని ఎవరు చెప్పారో గానీ, ఆ బస్సులో నిలబడడానికి కూడా చోటుండేది కాదు. కొండకు వచ్చే యాత్రికులు మాత్రం తగ్గలేదు. సూదికి చెయ్యి చాచి, పళ్ళు బిగించి, గోవిందా అనుకుంటూ పైకి పోయేవారు.

ఇక మిగిలింది రైలు కట్టకు అవతల ఉన్న పేట. హోటళ్ళలో అంట్లు తోమేవాళ్ళు, సత్రాలు ఊడ్చేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, ఇసుక మోసేవాళ్ళు ఉండే చోటు. ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగని మనుషులు. మొదటి చావులు అక్కడే జరిగాయని పుకారు పుట్టింది. పుకారుకు టికెట్టు అక్కర్లేదు గనక మా బస్సులకంటే ముందే ఊరంతా తిరిగేసింది.

మా డిపో మాత్రం ఊరికి వేరుగా ఉంటుందా? సిబ్బంది విశ్రాంతి గదిలో మంచినీళ్ళ కుండ ఒకటి ఉండేది. పేటలో కాపురముండేవాళ్ళు ఆ కుండ ముట్టకూడదని ఒక మధ్యాహ్నం అందరూ కలిసి తీర్మానించారు. ఎక్కువ గొంతు చేసుకున్నవాడు కొత్తగా చేరిన కండక్టరు. నోరు పెద్దదే గానీ మనిషి చెడ్డవాడు కాదు. భయపడ్డప్పుడు మరీ గట్టిగా జోకులు వేసేవాడు, అంతే.

పేట రూటులో తిరిగే డ్రైవరు నాకంటే పెద్దవాడు. ఘాట్ రోడ్డు మీద ఏళ్ళ తరబడి తోలినవాడు. నేను ఆయన్ను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన ఇల్లు పేటలోనే అని అందరికీ తెలుసు. కుండ సంగతి తేలిన మర్నాడు నా గది గుమ్మంలో నిలబడి, బయట ఉన్నవాళ్ళకు కూడా వినపడేట్టు చెప్పాడు.

"ఇల్లు ఖాళీ జేసేసినా సార్. మా అన్నోళ్ళింటికి మారిపోయినాం. పేటతో మాకింగ ఏమీ లేదు."

"మంచి పని చేస్తివన్నా" అన్నాను.

ఆయన కుండలో చెంబు ముంచి నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు.

పేట స్టాపుకు ముందు వచ్చే స్టాపు ఒక కట్టెల అడితి దగ్గర ఉండేది. రెండింటికీ నడుమ ఒక వంక. ఎండాకాలంలో దాంట్లో నీళ్ళుండవు, మోకాలి లోతు ఇసుక ఉంటుంది. రోగం మొదలైన తర్వాత పేట స్టాపులో ఎక్కేవాళ్ళు తగ్గుతూ తగ్గుతూ ఇక ఎవరూ లేకుండా పోయారు. బస్సు పేట దాకా పోయి, దుమ్ము లేపి, ఖాళీగా తిరిగి వచ్చేది. అడితి స్టాపులో మాత్రం జనం విరగబడుతున్నారు. కండక్టర్లది రోజూ ఇదే మాట.

డిపో మేనేజరు మమ్మల్ని పిలిచి మాట్లాడాడు. ఆయన నిదానస్తుడు, కోపం లేని మనిషి.

"ఖాళీ బస్సు తిప్పడం మనకేం సరదా? అడితి దగ్గరే వెనక్కి తిప్పేయండి. మిగిలిన టైములో అక్కడికి ఇంకో ట్రిప్పు వేద్దాం. జనం ఎక్కడుంటే బస్సు అక్కడుండాలి" అన్నాడు.

న్యాయంగానే తోచింది. మా ఉద్యోగాల చదువంతా ఆ ఒక్క మాటే.

"దేవుడు మంచోడు సార్. ఆ పేట దుమ్ము పీల్చే పని తప్పె" అన్నాడు కొత్త కండక్టరు.

నేను డ్రైవరు వైపు చూశాను. "ఏమన్నా, నీకేమన్నా ఇబ్బందా?"

"నాకేమి సార్. బస్సు యాడికి పొమ్మంటే ఆడికి" అన్నాడు. చూపు మాత్రం నేల మీదే ఉంది.

అడితి వెనక పట్టుమని పది ఇళ్ళు లేవు. మరి అంత జనం ఎక్కడినుంచి ఊడిపడుతున్నారని గదిలో ఎవరమూ అడగలేదు. పేట ఆడవాళ్ళు పొద్దున్నే వంక దాటి నడిచి వచ్చి అక్కడ ఎక్కుతున్నారని తర్వాత తెలిసింది. పేట స్టాపులో ఎక్కితే పక్క సీటువాడు లేచి నిలబడతాడు. ఆ స్టాపులో ఎక్కారని ఇంటి యజమానురాలి చెవిన పడితే పని ఊడుతుంది. అడితి దగ్గర ఎక్కితే ఎవరూ ఏమీ అడగరు. వాళ్ళు ప్రయాణం మానలేదు, పేట పేరు చెప్పడం మానుకున్నారు. మేము మాత్రం పేటలో మనుషులే లేరని లెక్క తేల్చి బస్సు తీసేశాం.

బస్సు అడితి దగ్గర తిరగడం మొదలైన కొద్ది రోజులకే పెళ్ళి జనం ఎక్కడం మొదలైంది.

"ఈ పొద్దు గూడా పెండ్లోళ్ళు ఎక్కినారు సార్" అని కండక్టరు సంబరంగా వచ్చి చెప్పేవాడు. "పూలేమి, పట్టుచీరలేమి! రోగమొచ్చినా మనోళ్ళు పెండ్లిండ్లు ఆపరబ్బా."

నేనూ నవ్వేవాణ్ణి. అప్పటికి మూఢం వచ్చి చాలా రోజులైంది. గురువో శుక్రుడో సూర్యుడి వెలుగులో కనపడకుండా పోయే ఆ రోజుల్లో మనవాళ్ళు పెళ్ళి మాటే ఎత్తరు. పెళ్ళి సత్రాలు ఖాళీగా ఉన్నాయి. మేళగాళ్ళు బస్టాండు నీడలో కూర్చొని పేకాడుకుంటున్నారు. ఇదంతా నా గదిలోంచి నాకు కనపడుతూనే ఉంది. పంచాంగాల ఇంట్లో పుట్టిన బుర్రకు కూడా, బస్సు నిండుతున్నప్పుడు మూఢం గుర్తు రాదు.

అడితి స్టాపులో తోపులాట ఎక్కువైందని ఫిర్యాదు వస్తే, స్వయంగా చూద్దామని ఒక పొద్దున ఆ బస్సెక్కాను. డ్రైవరుకు దగ్గరగా ముందు సీట్లో కూర్చున్నాను. పలకరిస్తే పలకలేదు. గేరు మార్చేటప్పుడు ఆయన చెయ్యి జారింది. అంతటి డ్రైవరుకు చెయ్యి జారడం నేనెప్పుడూ చూడలేదు. ఒంట్లో బాగాలేదేమో, దిగగానే సెలవు పెట్టమని చెబుదామనుకున్నాను.

అడితి దగ్గర పెళ్ళివారు ఎక్కారు. అందరూ ఆడవాళ్ళే. నడుమ పట్టుచీర కట్టుకున్న పిల్ల, తలనిండా మల్లెపూలు, పాదాలకు పసుపు. చెరొక రెక్క పట్టుకొని ఎక్కించారు. పెళ్ళికూతురికి ఆ మాత్రం సిగ్గుంటుందిలే అనుకున్నాను. నా ఎదురు వరసలో కూర్చోబెట్టి, ఒకామె ఆ పిల్ల తలను తన భుజానికి ఆనించుకుంది. చివర్లో ఒక ముసలామె కొత్త తువ్వాలు కప్పిన పెద్ద గిన్నె పట్టుకొని ఎక్కింది.

"ఏమవ్వా, లడ్లా? మాకొకటి పెడితే ఏం పోతాది?" అని కండక్టరు ఆట పట్టించాడు.

ముసలామె గిన్నెను పొట్టకు అదుముకొని ముఖం తిప్పుకుంది. డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు. రోడ్డును చూడవలసిన మనిషి పదే పదే అద్దంలోకే చూస్తున్నాడు.

బస్టాండు దాటి గుడి వీధుల స్టాపుకు వచ్చాం. అక్కడ మా వీధి పెద్దాయన ఒకరు ఎక్కారు. గుడిలో కైంకర్యం చేసే మనిషి. నుదుట నామం, భుజాన పంచె, చేతిలో రాగి చెంబు. రోగం తగ్గేదాకా బస్సెక్కనని ఒట్టు పెట్టుకున్నవాడే గానీ, ఆ రోజు కాలు బెణికి తప్పలేదు. నా వెనక సీట్లో కూర్చొని, కాలు సర్దుకొని, ఆ పిల్ల వైపు చూశాడు.

"ఏమయ్యా, మూఢంలో పెళ్ళేమిటి?" అని నన్ను అడిగాడు.

మామూలుగానే అడిగాడు. బస్సులో మాటలు మాత్రం ఆగిపోయాయి. కండక్టరు చెప్పిన పెళ్ళిళ్ళన్నీ గుర్తుకు వచ్చాయి. అందరూ అడితి దగ్గర ఎక్కినవాళ్ళే, అందరూ ఆసుపత్రి స్టాపులో దిగినవాళ్ళే. ఆ పిల్ల కాళ్ళ వైపు చూశాను. పసుపు కింద చర్మం ముడతలు పడి, ముసలివాళ్ళ కాళ్ళలా ఉంది.

"కొండమీద పెండ్లంట సామీ. దేవుడి దగ్గర మూఢమేముండాది" అన్నాను. అబద్ధం అంత నున్నగా నా నోట వస్తుందని నాకే తెలియదు.

"అదీ నిజమేలే" అని తల ఊపాడు. మళ్ళీ ఏదో తోచినట్టు, "కొండకైతే బస్టాండులో దిగాలి కదయ్యా? ఇది ఆసుపత్రి వైపు కదూ పోయేది?" అన్నాడు.

అదే సమయానికి ఆ పిల్ల ముందుకు ఒరిగింది. ముసలామె తువ్వాలు తీసి గిన్నె పట్టింది. గిన్నె ఖాళీది. ఆ పిల్ల కడుపులో కూడా ఏమీ మిగిలినట్టు లేదు, పైకి ఏమీ రాక వంకర్లు తిరిగిపోయింది.

"రోగం! పేటోళ్ళు వీళ్ళు! దించండి!" అని ఎవరో అరిచారు. బస్సంతా లేచింది. ఒకాయన గొడుగు కొనతో ముసలామెను పొడుస్తూ "దిగు, దిగు" అంటున్నాడు. కండక్టరు తాడు లాగి గంట కొట్టాడు. బస్సు ఆగలేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆగలేదు, ఇంకా వేగం పెరిగింది.

భయం నాకూ వేసింది. మా ఇంట్లో నెలల బిడ్డ ఉంది. ఆ బస్సులో భయపడ్డవాళ్ళది తప్పని నేను ఈనాటికీ అనను. కానీ గొడుగు కొన చూసేసరికి కోపం ముంచుకొచ్చింది. లేచి నడుమ అడ్డం నిలబడ్డాను.

"తాడు వదులు" అన్నాను కండక్టరుతో.

"అందరం సస్తాం సార్!"

"సచ్చేది ఆడ కూసోనుండాది. వదులు!"

వదిలాడు. మా వీధి పెద్దాయన అప్పటికి పంచె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని లేచి నిలబడ్డాడు. ఇక ఈయన ఏమంటాడో, ఈయన ఒక్క మాటంటే జనం వాళ్ళను కిందికి తోసేస్తారని నా భయం. ఆయన నన్ను దాటి, బెణికిన కాలితోనే వెళ్ళి, ఆ ఆడవాళ్ళ మీద విసుక్కున్నాడు.

"కూర్చోబెట్టి ప్రాణం తీస్తారటమ్మా? నా సీటు ఖాళీగానే ఉంది కదా. పడుకోబెట్టండి."

రాగి చెంబు ముసలామె చేతిలో పెట్టి, "కాచి చల్లార్చిన నీళ్ళే. కొంచెం కొంచెంగా తాగించు" అన్నాడు. గొడుగాయన గొడుగు దించాడు. వెనక ఉన్నవాళ్ళు ఇంకా వెనక్కి జరిగారు గానీ, దించమన్న గొంతు మళ్ళీ వినపడలేదు.

బస్సు ఏ స్టాపులోనూ ఆగలేదు. ఆసుపత్రి గేటు దాటి, రాకూడని చోటికి, మెట్ల దాకా పోయింది. డ్రైవరు ఇంజను కూడా ఆపకుండా దూకి, చుట్టు తిరిగి వచ్చి, ఆడవాళ్ళను తోసుకుంటూ పైకెక్కి ఆ పిల్లను రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"అమ్మీ, కండ్లు తెరువు. అమ్మీ, నేను నాయన్ను. వచ్చేసినాం సూడు."

పిల్ల పెదవులు కదిలాయి. నాయనా అనే అనుంటుంది. కండక్టరు తాడు కిందే నిలబడిపోయాడు. కుండ దగ్గర తను అన్న మాటలన్నీ వాడి ముఖంలో కనపడ్డాయి.

వార్డు బయట అరుగు మీద డ్రైవరు పక్కన కూర్చున్నాను. అడగకుండానే చెప్పాడు.

"ఇల్లు ఖాళీ జెయ్యలే సార్. యాడికి పోతాం? అన్నోళ్ళు గడప తొక్కనీలే. పేటోడని డ్యూటీకి గూడా రానీకపోతే ఎట్లని అట్ల జెప్తి. బిడ్డకు రేయంతా కక్కులు, బేదులు. జట్కావోడు రాలే, రిక్షావోడు రాలే. ముందట్లయితే నా బస్సు నా ఇంటి ముందరికే పోతాండె. నేనే, నా చేత్తోనే, అడితి కాడ తిప్పుకుంటి. బిడ్డను వంకలో ఇసకలో మోసకచ్చినారు, ఆ ఎండలో. ఆ పట్టుచీర వాళ్ళమ్మ పెండ్లిది."

ఆయన చెయ్యి పట్టుకొని కూర్చున్నాను.

పొద్దు వాలకముందే ఆ పిల్ల పోయింది. సెలైను ఎక్కించడానికి నరం దొరకలేదని డాక్టరు చెప్పాడు. "ఇంకాస్త ముందు తెచ్చుంటే" అని ఏదో అనబోయి, డ్రైవరు యూనిఫారం చూసి ఆగిపోయాడు. నేను ఆసుపత్రి గోడ పక్కకు పోయి ఏడ్చాను. పదహారేళ్ళ పిల్ల. సత్రాల దగ్గర పూలు కట్టి అమ్మేదట. తలలోని ఆ పూలు తను కట్టుకున్నవే.

మేనేజరుకు అంతా చెప్పాను. "రేపటినుంచి పేటలోకి బస్సు వెయ్యండి. అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి" అన్నాడు. ఎవరు పోతారని సిబ్బందిని అడిగితే అందరూ బూట్ల వైపు చూసుకున్నారు. చివరికి "నేను పోతా సార్" అని ఒక గొంతు లేచింది. కొత్త కండక్టరు. జోకు వేయలేదు. వాణ్ణి చూసి ఒక డ్రైవరు కూడా సరేనన్నాడు.

బస్సు పోయింది. ముందు అద్దం మీద ఆసుపత్రి అని పెద్ద అక్షరాలతో రాయించాం. ఒక్కరూ ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు. పట్టుకుపోయి ఎక్కడో దడి కట్టి పడేస్తారని పేట భయం. రోగులు వంక దాటి నడవడం మానలేదు. ఖాళీ బస్సును చూసి, "మనం అప్పుడు చేసిందే సరి కదా" అని డిపోలో అనేవాళ్ళు కూడా తయారయ్యారు.

మూడో దినం అయిన మర్నాడు డ్రైవరు డ్యూటీకి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. నేను వద్దన్నాను.

"ఇంట్లో కూసోని ఏం జేసేది సార్? ఆ బస్సు నాకియ్యి" అన్నాడు.

ఆ ట్రిప్పులో నేనూ కూర్చున్నాను. పేట స్టాపులో ఆగకుండా ఇళ్ళ మధ్యకు, బస్సు పట్టని సందు మొదలుదాకా తీసుకెళ్ళి ఇంజను ఆపాడు. దిగి వీధి నడుమ నిలబడ్డాడు. తలుపులన్నీ వేసే ఉన్నాయి. లోపల మనుషులున్నారు, దగ్గులు వినపడుతున్నాయి.

"ఎవురూ పట్టుచీరలు కట్టొద్దండి" అని అరిచాడు. "నా బిడ్డకు పెండ్లికూతురు వేసం గట్టి పంపిస్తి. పోయె. మీ బిడ్డల్ను ఎట్లుండేవాళ్ళను అట్లనే తీసకరాండి. ఎవురు దించుతారో నేను సూస్తా."

చాలాసేపు ఏ తలుపూ కదల్లేదు. ఆయనా కదల్లేదు. తర్వాత వీధి మధ్యలో ఒక ఇంటి గడియ తీసిన చప్పుడైంది. ఒక మనిషి పాత గుడ్డలో చుట్టిన పసిబిడ్డను భుజాన వేసుకొని బయటికి వచ్చి, బస్సును చూసి, గడపలోనే ఆగిపోయాడు. కండక్టరు దిగి, వీధి దాటి వెళ్ళి, రెండు చేతులూ చాచి ఆ బిడ్డను ఎత్తుకున్నాడు.